నా నోటికి తాళమేసిన మండలం

నాలుగు దినాల ముందర తిరుపతిలో మా కూతురింటికి వచ్చినాను. మనవడికి రెండున్నరేండ్లు నిండినాయి. ఇంతవరకూ ఒక్క మాట లేదు. ఏం కావాలన్నా మన చెయ్యి పట్టుకోని లాక్కోనిపోయి చూపిస్తాడు, అంతే. వాళ్ళక్కకు ఏడేండ్లు. అది పొద్దున లేచినప్పట్నుంచి గడగడా మాట్లాడతానే ఉంటుంది. ఆ మధ్యాన్నం అందరం అన్నాలకు కూర్చున్నప్పుడు మా వియ్యపురాలు ఆ పిల్లను కసురుకునింది. "నువ్వు రొంత గమ్మునుండవే. వాడి మాటలు కూడా నువ్వే మింగేస్తా ఉండావు. అందుకే వాడికి నోరు పెగల్లేదు."

కలిపిన ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట నేను చిన్నప్పుడు విన్నాను. మా అవ్వతోనే అది కూడా మట్టిలో కలిసిపోయిందనుకున్నాను. ఇంగా బతికే ఉండాదని ఆ పొద్దు తెలిసింది.

"వదినా, ఆ బిడ్డను ఇంగోసారి ఆ మాట అనబాకండి" అన్నాను. ఆమె నవ్వేసి, "మొగపిల్లోళ్ళు నిదానంగానే మాట్లాడతారు వదినా. మావాడు నాలుగేండ్లకు గానీ నోరు తెరవలేదు. దీనికి డాక్టర్లెందుకు?" అనింది. అల్లుడి ముందరే చెప్పినాను, సోమవారం పిల్లోణ్ణి డాక్టరు తావకు పిలుచుకోని పోతాను, అడ్డమొచ్చేవాళ్ళు రావచ్చు అని. కూతురింట్లో అట్ల మాట్లాడకూడదని నాకు తెలుసు. పెద్దరికం పోతే పోనీ అనుకున్నాను. అంత కోపం ఎందుకొచ్చిందో నా కూతురికి కూడా అర్థం కాలేదు. అందుకే ఇదంతా చెప్తా ఉండాను.

మాది కాళాస్తి. మా నాయన కలంకారీ పని చేసేవాడు. మా ఇంటికి వచ్చేవాళ్ళకు మనుషుల కన్నా ముందు వాసన ఎదురొచ్చేది. ఎనుము పాలల్లో కరక్కాయ పొడి కలిపి, అందులో ముంచి ఎండేసిన గుడ్డల వాసన ఒకపక్క. నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనప ముక్కలూ బెల్లమూ కుండలో వేసి వారాల తరబడి పులవబెట్టిన నీళ్ళ కంపు ఇంగోపక్క. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకేమో ఆ వాసన తగిలితేనే ఆకలేసేది.

చలికాలమొస్తే మా ఇంట్లో అనపగింజలు దిగేవి. రాత్రి నానబెట్టినవి పొద్దన్నే జల్లెడ ముందర పెట్టుకోని పిసికితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు ఎగిరి బయటపడేది. ఆ పప్పుతో అమ్మ పులుసు పెడితే, సంగటి ముద్దలో గుంట చేసి పోసుకోని తినేవాళ్ళం. పిసికే పని నాదీ మా తమ్ముడిదీ. నేను గురి చూసి పప్పును అవ్వ కొప్పు మీదికి ఎగరేసేదాన్ని. తమ్ముడు పడీపడీ నవ్వేవాడు. వాడి నవ్వు గలగలా ఉండేది. ఏడిస్తే వీధి చివరికి వినిపించేది. అంత గొంతుండే బిడ్డ మూగోడెట్ల అవుతాడని అందరికీ ధైర్యం.

అప్పుడు నాకు తొమ్మిదేండ్లు, వాడికి నాలుగు దాటినాయి. వాడి నోట్లో ఒక్క మాట లేదు. ఊరికే ఉండినారా అంటే లేదు. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, వసకొమ్మును తేనెలో అరగదీసి పొద్దన్నే వాడి నాలుక మీద రాసేది. ఆ చేదుకు వాడు మొహమంతా ముడుచుకునేవాడు. చిలక కొరికిన జామకాయ తినిపిస్తే చిలక మాదిరి మాట్లాడతాడని ఎవురో చెప్తే, నాయన తోటలెంబడి తిరిగి కాయలు ఏరుకొచ్చినాడు. సగానికి పైన నేను తినేసినాను. ఆ సంగతి తెలిసినాక అవ్వ నన్ను చూసే చూపు మారింది.

అవ్వకు అన్నిటికీ ఒక లెక్క ఉండేది. ఒక కడుపున పుట్టే బిడ్డలకు మాటలు ఒకే మూటగా వస్తాయంట. ముందర పుట్టింది మూటంతా ఊడ్చేసుకుంటే ఎనక వచ్చినోడికి ఏమీ మిగలదంట. నేను వాగుడుకాయను, అది నిజం. వాడు వేలు చూపిస్తే చాలు, వాడికి నీళ్ళు కావాలంట, వాడికి కడుపు నొప్పంట అని నేనే చెప్పేసేదాన్ని. వాడి మనసులో ఏముండాదో అమ్మ కన్నా ముందు నాకు తెలిసేది. దాన్నే చూపించి అవ్వ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ, "సూడండి, పిల్లోడి నోరు కూడా ఇదే తినేసింది" అని చెప్పేది.

దానికి విరుగుడు కూడా అవ్వే కనిపెట్టింది. నేనొక మండలం, అంటే నలభైయెనిమిది దినాలు, నోరు విప్పకూడదు. దీపం ముందర కూర్చోబెట్టి నా చేతికి పసుపుదారం కట్టింది. మధ్యలో ఒక్క మాట మాట్లాడినా మొక్కు చెడిపోతుంది, ఇంగ ఈ జన్మకు వాడికి మాట రాదు అని అందరి ముందరా చెప్పింది. అమ్మ ఏదో అనబోతే, "కోడలా, నువ్వు గమ్మునుండు" అనింది. నాయన గుడ్డ మీద బొమ్మ గీస్తా తలెత్తలేదు.

బళ్ళో అయ్యవారికి అవ్వే వచ్చి చెప్పి పోయింది. ఆయప్ప సంతోషపడినాడు, ఆ దినాల్లో ఆయన పాఠం నిమ్మళంగా సాగింది. పెదాలు కూడా కదిలించకూడదని అవ్వ గట్టిగా చెప్పింది. నాలుగో దినానికి తట్టుకోలేక పెరట్లోకి పోయి, నల్లరంగు కుండ మూత తీసి, తల లోపల పెట్టి అవ్వను నోటికొచ్చినట్లు తిట్టినాను. కంపుకు కండ్లల్లో నీళ్ళు కారినాయి. కుండకు చెప్తే మొక్కు చెడదని నాకు నేనే ఒక లెక్క కట్టుకున్నాను. అవ్వకు లెక్కలుంటే నాకుండకూడదా. కానీ ఆ రాత్రి భయమేసింది. వాడి పక్కన పడుకోని, దేవుడా అది కుండతో చెప్పింది, మనుషులతో కాదు అని మొక్కుకున్నాను. నేను అవ్వను తిట్టుకున్నా, మొక్కును మాత్రం నమ్మినాను. వాడికి మాట రాకపోతే ఆ పాపం నాదే అని నిజంగా అనుకున్నాను. తొమ్మిదేండ్ల పిల్ల తల మీద అంత బరువు పెట్టినారు.

పంతొమ్మిదో దినం ఆదివారం. నాయన గుడ్డలు జాడించేదానికి స్వర్ణముఖి ఏటికి పోతా మమ్మల్ని పిలుచుకోని పోయినాడు. రంగులేసిన గుడ్డను పారే నీళ్ళల్లోనే జాడించాల. ఆ ఏడు వానలు బాగా పడి, ఇసక మధ్యలో నీళ్ళు సన్నంగా పారతా ఉండినాయి. నాయన మోకాటి లోతులో నిలబడి గుడ్డలు జాడించి ఇస్తే, మేము తీసుకపోయి ఇసక మీద పరిచేది. మేకలు తొక్కకుండా కాపలా కాసేది కూడా మేమే.

తమ్ముడు గుడ్డ అంచున కూర్చోని ఇసకలో గుంట తవ్వుకుంటా ఉండినాడు. వాడి ఎనక గట్టు మీద నుంచి ఎనుముల మంద దిగింది. కాసేవాడు యాడో ఎనకబడినాడు. ముందరొచ్చే ఎనుము నేరుగా వాడి మీదికే వస్తా ఉండాది. నేను దూరంగా ఉండాను. అరవాలని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. ఒక్క మాటతో వాడి బతుకు మూగైపోతుందని నా భయం. అన్నం తెచ్చుకున్న సత్తుగిన్నె చేతికి దొరికితే, రాయి తీసుకోని దాన్ని దబదబా బాదినాను. ఏటికవతల గుడ్డలుతికేవాళ్ళు తలెత్తి చూసినారు. నీళ్ళల్లో నాయన తిరిగి చూసినాడు. ఎనుములు కూడా బెదిరి పక్కకు పోయినాయి. వాడు మాత్రం గుంట తవ్వుకుంటానే ఉండినాడు.

నేను పరిగెత్తి వాడి ఎనక నిలబడినాను. చేతికందేంత దగ్గర్లో గిన్నెను మళ్ళీ కొట్టినాను. తిరగలేదు. ఇంగా గట్టిగా కొట్టినాను. వాడి వీపు కదల్లేదు. ముందరికి పోయి కూర్చున్నాను. గొంతు రానీకుండా, అవ్వ వద్దన్నా సరే పెదాలు మాత్రం కదిలించి "మామిడితాండ్ర" అన్నాను. వాడు గబుక్కున లేచి, నేనెప్పుడూ తాండ్ర దాచే పావడా ముడిలో వెతికినాడు.

అప్పుడు తెలిసింది నాకు. నాలుగేండ్లుగా వాడు వినేది చెవులతో కాదు, కండ్లతో. నేను ఎప్పుడూ వాడి ముందర చేరి, గెడ్డం పట్టుకోని మాట్లాడేదాన్ని కాబట్టి నా మాటలు వాడికి అందినాయి. మిగిలినోళ్ళవి అందలేదు.

ఒకపక్క మొక్కు, ఒకపక్క ఇది. నేను ఎంతోసేపు ఆలోచించినానని గొప్ప చెప్పుకోను. "నాయనా, తమ్ముడికి చెవులు వినపడవు" అని గట్టిగా అరిచినాను. పంతొమ్మిది దినాల తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాయన చేతిలో గుడ్డ నీళ్ళల్లో కొంతదూరం కొట్టుకపోయింది.

ఇంటికి పోయేసరికి అవ్వ వసారాలో కరక్కాయలు దంచుతా ఉండింది. నాయన చెప్పకముందే నేనే చెప్పినాను. తమ్ముడి సంగతి ఆమె చెవికి ఎక్కలేదు. నేను మాట్లాడడమొకటే ఎక్కింది. రోకలి గోడకు ఆనించి, "చెడగొట్టినావు కదే" అనింది. "ఇంగ వాడికి మాటొస్తే నీ గొప్పేమీ లేదు. రాకపోతే మాత్రం నీ వల్లే."

"వాడికి వినపడదవ్వా" అన్నాను మళ్ళీ.

"నేను పిలిస్తే రోజూ తిరుగుతాడు గదా, చెవుల్లేనోడు ఎట్ల తిరుగుతాడే?" అని అవ్వ చేతికర్ర తీసుకునింది. ఆమెకొక అలవాటు. ఎవుర్ని పిలిచినా ముందర కర్రతో నేల బండ మీద టక్కుమని కొట్టి, ఆ పైన పిలిచేది. అట్లనే కొట్టి, "అబ్బోడా" అనింది. గోడ తట్టుకు తిరిగి నిలబడి ఉండిన తమ్ముడు చటుక్కున తిరిగి చూసినాడు. నాయన ఊపిరి పీల్చుకున్నాడు. "సూస్తివా" అనింది అవ్వ.

నాకు ఏడుపొచ్చింది. ఏట్లో చూసింది అబద్ధమా అని నా మీద నాకే అనుమానమొచ్చింది. కానీ ఒకటి గమనించినాను. వాడి చూపు ముందు కాళ్ళ కింది బండ మీదికి పోయింది, ఆ తర్వాతే అవ్వ మీదికి. మా ఇల్లంతా బండలు పరిచిన నేల. రోకటి దెబ్బైనా, కర్ర దెబ్బైనా ఉత్త కాళ్ళకు తెలుస్తుంది. ఏట్లో ఇసకలో తెలియదు. నేను వాణ్ణెత్తుకోని పోయి, మూలనుండే గుడ్డల మూట మీద గోడ తట్టుకు తిప్పి కూర్చోబెట్టినాను. "ఇప్పుడు పిలువవ్వా" అన్నాను.

అవ్వ కర్రతో కొట్టి పిలిచింది. వాడు మూట ముడిని గిల్లుకుంటా ఉండినాడు. మళ్ళీ కొట్టింది. దగ్గిరికొచ్చి, బండ పగిలేటట్లు కొట్టింది. నాయన కూడా పేరు పెట్టి పిలిచినాడు, గొంతు పగిలేటట్లు. వాడు తిరగలేదు. 

"ఏట్లో ఎనుముల్ని చూసి జడుసుకోనుంటాడు, రేపటికి సర్దుకుంటుంది" అనింది అవ్వ చివరికి.

అమ్మ అంతసేపూ పొయ్యికాడ సంగటి కెలుకుతా ఉండింది. తెడ్డు పక్కన పెట్టి వచ్చింది. "రేపు మొదటి బస్సుకు తిరుపతికి పోతాను" అనింది. ఎవుర్నీ అడగలేదు, చెప్పింది. మేము ఖాలా అని పిలిచే పక్కింటి సాయిబులామె, టైలరు పెండ్లాం, వాళ్ళ అక్క కొడుకును తిరుపతిలో చెవుల డాక్టరుకు చూపించినామని ఎప్పుడో చెప్పిందంట. అమ్మ ఆ మాటను మనసులో దాచిపెట్టుకోనుంది, అడిగే ధైర్యం లేక. అవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడి, మొక్కు మధ్యలో బిడ్డను ఊరు దాటించకూడదనింది. "మొక్కు ఎట్లాగూ చెడిపోయింది గదత్తా. ఇంగ చెడేదానికేముండాది?" అనింది అమ్మ. ఆమె అత్తకు ఎదురు చెప్పడం నేను చూసింది అదే మొదలు.

పొద్దన్నే అమ్మ, ఖాలా, తమ్ముడు, నేను బస్సెక్కినాము. గుండు కొట్టించుకోని చందనం పూసుకున్న యాత్రికులు నిండా ఉండినారు. ఖాలా దారంతా బొరుగులు పెడతా, "ఏడవొద్దు అమ్మీ, అంతా బాగైతాది" అని అమ్మ చెయ్యి పట్టుకోనే ఉండింది.

డాక్టరు వయసైనాయన. వాడి ఎనక గంట కొట్టినాడు, గిలక ఊపినాడు, చెవిలో దీపమేసి చూసినాడు. రొంత వినికిడి ఉండాది, శానా తక్కువ అని చెప్పినాడు. "వీడికి మాట రాకపోవడం కాదమ్మా, మాట వీడి దాకా పోలేదు. రెండేండ్ల ముందర ఎందుకు తీసుకరాలేదు?" అని అడిగినాడు. అమ్మ తల వంచుకునింది. నాకు ఒళ్ళు మండింది. వస రాసినారు, జామకాయ పెట్టినారు, నా నోరు కట్టినారు సార్ అని మొత్తం చెప్పేసినాను, ఊపిరి తీసుకోకుండా. ఖాలా నా చెయ్యి గిల్లింది. ఆయన నన్నే చూస్తా చివరిదాకా విన్నాడు.

"ఇంట్లో ఎక్కువ మాట్లాడేది ఈ పాపేనా?" అని అడిగినాడు.

"అవును సార్" అనింది అమ్మ, తప్పు ఒప్పుకున్నట్లు.

"అయితే దీన్ని మాట్లాడనీండి. వాడి మొహం ముందర కూర్చోని పొద్దస్తమానం మాట్లాడనీండి. ఇప్పటికి వాడి కాడుండే మందు అదొకటే."

ఆ మాటను నేను ఇంటికి పోయినాక అవ్వకు అక్షరం వదలకుండా అప్పజెప్పినాను. రెండోసారి కూడా చెప్పినాను, ఆమె వినలేదేమోనని.

ఆ తర్వాత ఏండ్ల తరబడి తిరుపతి బస్సులే మా బతుకు. చొక్కా జేబులో పెట్టుకునే చిన్న పెట్టె, దాన్నుంచి చెవికి తీగ. దాన్ని వాడు నాలుగుసార్లు ఊడబీకి పారేసినాడు, ఒకసారి రంగుకుండలో వేసినాడు. వారానికొకసారి ఒక టీచరమ్మ నేర్పించేది, మిగిలిన దినాలు నేను. వాడి అరచేతిలో బొరుగు గింజ పెట్టి "ప" అనాల, గింజ ఎగరాల. వాడి చెయ్యి నా గొంతు మీద పెట్టుకోని "మ" అనాల, గొంతు అదరాల. ఆడుకునేదానికి పిల్లలు పిలిస్తే నేను పోలేదు. విసుగొచ్చి వాణ్ణి కొట్టిన దినాలు కూడా ఉండాయి.

వాడి నోటి నుంచి మొదట తెలిసేటట్లు వచ్చిన మాట అమ్మ కాదు, అక్క కాదు. అవ్వ ఇంగా నమ్మకం చంపుకోలేక ఒకనాడు వసకొమ్ము పట్టుకోని వాడి గెడ్డం ఎత్తింది. వాడు ఆమె చెయ్యి తోసేసి, "వొద్దు" అన్నాడు. ముద్దగా అన్నాడు, కానీ వొద్దనే అన్నాడు. అవ్వ కూలబడి, వాణ్ణి పొదువుకోని ఏడ్చింది. ఆ మాపటేలే వీధంతా తిరిగి తన వసకు మాటొచ్చిందని చెప్పుకునింది. నేను ఎనకాలే పోయి ఇంటింటికీ అది అబద్ధమని చెప్పి వచ్చినాను.

అవ్వ పోయేదాకా ఒకే మాట మీద నిలబడింది. వాడి మాట ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంటుంది, కొత్తవాళ్ళకు తొందరగా తెలియదు. మిగిలిన ఇరవైతొమ్మిది దినాలు నేను నోరు కట్టుకోనుంటే ఆ మొద్దు కూడా పోయేదని అవ్వ అనేది. చుట్టాల్లో ఇప్పటికీ అనేవాళ్ళుండారు. అననీ. మొక్కు చెడగొట్టింది నేనే. మళ్ళీ ఆ పొద్దొచ్చినా చెడగొడతాను, ఈసారి పంతొమ్మిది దినాలు ఆగను.

మొన్న మా తమ్ముడు నన్ను చూసేదానికి ఇక్కడికే, కూతురింటికే వచ్చినాడు. వాడు కూడా నాయన పనే చేసినాడు, తలంతా నెరిసిపోయింది. మనవడి సంగతి, వియ్యపురాలితో నా గొడవ చెప్తే నవ్వినాడు. నవ్వి, నా పెదాల నుంచి చూపు తిప్పకుండానే, "ఆ దినాలు నాకు గుర్తుండాయి అక్కా" అన్నాడు. నేను నమ్మలేదు, నీకు నాలుగేండ్లు గదా అన్నాను.

"గుర్తుండాయి. ఇంట్లో నాతో మాట్లాడేది నువ్వొక్కతివే. ఉన్నట్టుండి నోరు మూసేసినావు. నా మీద అలిగినావనుకున్నాను. ఏం చేసినానా అని శానా ఆలోచించినాను. అడగాలంటే నాకు మాట లేదు గదా" అన్నాడు.

ఇన్నేండ్లూ ఆ మండలం నాకేసిన శిక్ష అనుకున్నాను. ఊర్లో ఎంతమందితో కొట్లాడినా, నా నోరు ఎందుకు కట్టినారనే కొట్లాడినాను. ఆ పంతొమ్మిది దినాలు వాడేమైనాడని ఒక్కసారన్నా నాకు తోచలేదు. వాడికి అందే ఒకే ఒక్క గొంతును మేమందరం కలిసి ఆపేసినాము, వాడికి మేలు చేస్తా ఉండామనుకోని. వాడే నా చెయ్యి తట్టి, కాఫీ పెట్టు అన్నాడు.

డాక్టరు కాడ సోమవారానికి చీటీ రాయించినాను. అల్లుడు వస్తానన్నాడు, వియ్యపురాలు ఇంగా మూతి ముడుచుకోనే ఉండాది. నా మనవరాలు పొద్దన్నించీ నోరు మూసుకోని మూలన కూర్చోనుంటే పోయి అడిగినాను. నేను మాట్లాడితే తమ్ముడికి మాట రాదంట గదా అమ్మమ్మా అనింది, గుసగుసగా. దాన్ని లేవదీసి, పిల్లోడి ఎదురుగా మోకాళ్ళు తగిలేటట్లు కూర్చోబెట్టి, వాళ్ళ నాయనమ్మకు వినిపించేటట్లు గట్టిగా మాట్లాడమని చెప్పినాను.